స్తంభం పక్క చోటు

పొద్దున్నుంచీ ఓబులేశు కంప్యూటరుతో కుస్తీ పడుతున్నాడు. ఇప్పటిదాకా కంప్యూటరుదే పైచేయి.

పూర్తిగా చచ్చిపోతే అదొక తీరు. తీగ తెగిందనో, కింద ఊళ్ళో కరెంటు పోయిందనో మనసుకు సర్దిచెప్పుకోవచ్చు. ఇది చావదు, బతకదు. ఒక పేజీ టక్కున తెరుచుకుంటుంది, రెండోది సగంలో బిగుసుకుపోతుంది. నిమిషం సేపు బుద్ధిగా పనిచేసి, ఓబులేశు ముఖంలోకి కాస్త వెలుగు రాగానే మళ్ళీ ఆగిపోతుంది. కావాలని ఏడిపిస్తున్నట్టే ఉంది.

గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని ఖాదర్‌వలి అతని వీపు వంకే చూస్తున్నాడు.

ఖాదర్‌వలి దూదేకులవాడు. ఊరూరా తిరిగి పరుపులు కుడతాడు. భార్య హుసేన్‌బీ కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. ఆమెకు కడుపునొప్పి వస్తే ఆ ఇంటివాళ్ళు ఆసుపత్రిలో చేర్చారు. లోపల గడ్డ ఉంది, పగిలిందంటే మనిషి దక్కదు, వెంటనే కోయాలి అన్నారు డాక్టర్లు. ఒప్పుకుంటున్నట్టు వేలిముద్ర వెయ్యమంటే హుసేన్‌బీ చెయ్యి వెనక్కి లాక్కుంది. దేశం కాని దేశం. చుట్టూ భాష తెలియని మనుషులు. మత్తుమందుకు కళ్ళు మూతపడేముందు మొగుడి ముఖం ఒక్కసారి చూడాలి. చూపిస్తే వేస్తాను, లేకుంటే ఇట్లాగే పోతాను అంది. ఆమె భయం అది. దాన్ని మొండితనం అన్నవాళ్ళు ఎప్పుడూ పరాయి ఆసుపత్రిలో ఒంటరిగా పడుకుని ఉండరు.

ఆసుపత్రి నర్సు ఆ కబురు ఖాదర్‌వలికి ఫోనులో చేరవేసింది. నిన్న అతను, గురువు సమాధి చూసుకుంటూ కొండ మీద ఉండే ఇమామప్ప తాత చేత ఆమె కోసం దువా చేయించుకుని సాయంత్రానికల్లా ఊరికి దిగిపోదామని ఎర్రగుట్ట ఎక్కాడు. రాత్రి వాన దంచింది. తెల్లారేసరికి గుట్ట కింది వంక ఒడ్డులు దాటి పారుతోంది. దిగే దారి లేదు. చుట్టూ కొండలు కాబట్టి గుట్ట మీద ఏ ఫోనుకూ సిగ్నల్ రాదు. ఇక మిగిలింది ఆ చిన్న గదిలోని కంప్యూటరు ఒక్కటే. కింది ఊరి నుంచి స్తంభాల మీదుగా వచ్చిన తీగ ఒకటి గదిలోని రౌటరు అనే నల్ల పెట్టెలో దూరుతుంది. అది గాలిలో వైఫై ఇచ్చే రకం కాదు, తీగలు గుచ్చుకునే పాత రకం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి గల్ఫు దేశాలకు పోయిన ఆడవాళ్ళను ఇక్కడివాళ్ళు వారానికోసారి తెర మీద చూసుకోవడానికి తాత ఆ ఏర్పాటు చేయించాడు. దాని బాధ్యత ఓబులేశుది.

పొద్దున అది పనిచేసిన ఒక మంచి నిమిషంలో ఓబులేశు ఆ ఆసుపత్రి నర్సుకు సందేశం పంపాడు. ఆమె మలయాళీ, దయగల పిల్ల. వెంటనే జవాబిచ్చింది. మీ లెక్కన రెండున్నరకు ఫోను పట్టుకుని ఆమె మంచం దగ్గర ఉంటాను, నేనే పిలుస్తాను, మూడింటికి లోపలికి తీసుకుపోవాలి, ఈ పూట తప్పితే ఆ డాక్టరు మళ్ళీ ఎప్పుడు దొరుకుతాడో చెప్పలేను అని రాసింది. తెర బిగుసుకుపోయింది ఆ తరవాతే.

"నాది పూచీ, రెండున్నరకు చూపిస్తా" అన్నాడు ఓబులేశు ఖాదర్‌వలితో. అన్నప్పుడు చాలా తేలికగా అన్నాడు.

అనడానికి కారణం ఉంది. గుట్ట ఎక్కకముందు అతను బెంగుళూరులో ఒక పెద్ద ఆఫీసులో అంతస్తుల కొద్దీ కంప్యూటర్లను ఒకదానితో ఒకటి మాట్లాడించే పని చేసేవాడు. మనసు నిలవక రెండేళ్ళ కింద తాత దగ్గరికి వచ్చి పడ్డాడు. ఉద్యోగం వదిలాడు, జీతం వదిలాడు, చెప్పులు కూడా వదిలాడు. తనకు తెలుసునన్న సంగతిని మాత్రం మూట గట్టుకుని గుట్ట మీదికి తెచ్చుకున్నాడు. పాపం, అది బరువని అతనికి ఎవరూ చెప్పలేదు.

టైము పదకొండు దాటింది. ఓబులేశు తీగ ఊడదీసి మళ్ళీ పెట్టాడు. కొత్త తీగ మార్చాడు. రౌటరు ఆపి, కాసేపాగి వేశాడు. కంప్యూటరు ఆపి వేశాడు. "ఉన్నావా?" అని రౌటరును అడిగే ఆదేశం ఒకటి ఉంది, అది కొట్టాడు. ఉన్నాను, ఉన్నాను అని రెండు జవాబులు వచ్చాయి. తరవాత ఏమీ లేదు. మళ్ళీ ఒక జవాబు. మళ్ళీ ఏమీ లేదు. మంచంలో ఉన్న ముసలివాడు పిలిస్తే పలికినట్టు ఉంది ఆ వరస.

సరే, వెబ్‌సైట్ల పేర్లు వెతికి పెట్టే సర్వరు మందగించిందేమోనని దాని చిరునామా మార్చేశాడు. కాపలా కాసే ఫైర్‌వాల్ అడ్డుపడుతోందేమోనని దాన్ని ఆపేశాడు. తీగను పలికించే డ్రైవరును తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ఒకటి మార్చి, దాని ఫలితం చూడకుండానే రెండోది మార్చాడు. బెంగుళూరులో తన కింద పనిచేసే కుర్రాళ్ళు ఇట్లా చేస్తే చెడామడా తిట్టేవాడు. మధ్యలో తెర మూలన ఒక చిన్న సందేశం మెరిసింది. అప్‌డేట్లనీ వైరస్‌లనీ రోజూ ఏదో ఒకటి మెరుస్తూనే ఉంటుంది. ఓబులేశు చదవకుండానే మూసేశాడు.

వెనక నుంచి ఖాదర్‌వలి అడిగాడు. "సామీ, అవుతాదా?"

"అవుతాదన్నా, కాసేపు మాట్లాడొద్దు" అన్నాడు ఓబులేశు. మెడ మీద చెమట కారుతోంది. బయట వాన, లోపల చెమట.

అన్నీ తడిమినవాడు ఒక్కదాని జోలికి మాత్రం పోలేదు. అది కంప్యూటరు నంబరు.

ఆ సంగతి కొంచెం చెప్పాలి. ఒక రౌటరుకు తగిలించిన యంత్రాలన్నిటికీ తలా ఒక నంబరు ఉండాలి. ఏది అడిగినా, ఏది వచ్చినా ఆ నంబరును చూసే చేరుతుంది. మామూలుగా అయితే యంత్రం లేవగానే "నా నంబరేది?" అని రౌటరును అడుగుతుంది. రౌటరు ఖాళీగా ఉన్నదాన్ని చూసి ఇస్తుంది. కంప్యూటరు కొత్తగా వచ్చిననాడు రౌటరు దానికి రెండు ఇచ్చింది. ఓబులేశుకు అది నచ్చింది. రోజూ పొద్దున లేచి ఆ పెట్టెను అడుక్కోవడమేమిటని, అడిగే పద్ధతి తీసేసి, రెండు అని తానే రాసి పెట్టేశాడు. రౌటరుకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు. రౌటరును సరిచేసే తాళం, అంటే పాస్‌వర్డు, కేబుల్ కంపెనీవాళ్ళ దగ్గర ఉంది, వాళ్ళను అడగడానికి ఇతనికి నామోషీ. ఆ మధ్య ఏదో పనికి వచ్చిన కేబులాయన చూసి, ఇది మళ్ళీ అడిగే పద్ధతిలో పెట్టుకోండి సార్, మంచిది అన్నాడు. ఓబులేశు నవ్వి, అతనికి అరగంట పాఠం చెప్పి పంపించాడు.

ఇక నిన్న సాయంత్రం, వాన మొదలుకాకముందు, కింది ఊరి కమిటీ పెద్ద గుట్ట మెట్ల మీద ఒక కెమెరా పెట్టించాడు. ఎవరు ఎక్కుతున్నారో దిగుతున్నారో ఇంట్లో కూర్చుని ఫోనులో చూసుకోవాలని ఆయన ముచ్చట. దాని పెట్టెను వంటపాకలో దించి, తీగను తెచ్చి రౌటరులో గుచ్చి వెళ్ళిపోయారు. ఓబులేశుకు ఆ సంగతి తెలుసు. దాని దారి దానిది, నా దారి నాది అనుకున్నాడు. ఇప్పుడు వంటపాకలో ఒకరిద్దరు ఆ పెట్టెకున్న చిన్న తెర ముందు నిలబడి వంక తగ్గిందా లేదా అని చూస్తున్నారు.

తాత వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. డెబ్భై దాటిన మనిషి, ఒక కంటికి పొర కమ్మింది. హిందువులూ సాయిబులూ అందరూ ఆయన్ను తాతా అనే పిలుస్తారు. ఆయనకు కంప్యూటరు ఆన్ చేయడం కూడా రాదు, నేర్చుకోవాలని కూడా లేదు. ఏమైందని అడిగాడు. ఓబులేశు తెర మీంచి కళ్ళు తిప్పకుండా, తనకు తెలిసిన పెద్ద పెద్ద మాటలన్నీ గబగబా చెప్పాడు. తాత ఓపికగా విన్నాడు.

"అన్నీ చూసినావా?"

"అన్నీ చూసినా తాతా. నా వైపు ఏం తప్పు లేదు. ఆ పెట్టెదో, తీగదో, కేబులోళ్ళదో తప్పు."

తాత తలాడించి, ఖాదర్‌వలి భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉండి, వెళ్ళిపోయాడు.

రెండు కావస్తుండగా వసారాలో వేలాడదీసిన రైలుపట్టా ముక్క మోగింది. అన్నానికి పిలుపు.

గుట్ట మీద అన్నానికి ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ పంక్తి తప్పించకూడదు. జ్వరం వచ్చినవాడైనా వచ్చి కూర్చుని గంజి తాగాలి. ఇంకోటి, ఎవరి చోటు వాళ్ళు ఎంచుకోకూడదు. వడ్డించే సుంకమ్మ విస్తరి వేసి చూపిస్తుంది, అక్కడ కూర్చోవాలి. మోతుబరి రైతుకైనా, మేకలు కాసేవాడికైనా అంతే. తాత గురువు కాలం నుంచీ అదే పద్ధతి.

ఓబులేశు వచ్చిన మొదటి రోజు సుంకమ్మ అతనికి తాత పక్కన, వసారా మొదటి స్తంభం దగ్గర విస్తరి వేసింది. జల్లు పడని చోటు. చల్లటి గాలి. తాత మెల్లగా గొణిగినా వినిపిస్తుంది. రెండో రోజు అతనే వచ్చి అక్కడ కూర్చున్నాడు. మూడో రోజు నుంచి పొద్దున్నే వచ్చి తువ్వాలు పరిచి పోవడం మొదలైంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకునే విద్య గుట్ట ఎక్కినా మరుపు రాలేదు. సుంకమ్మ ఏమీ అనలేదు. తాత కూడా అనలేదు. రెండేళ్ళు గడిచాయి. ఈ పొద్దు కూడా, ఇంత గాభరాలో కూడా, ఓబులేశు ఆ తువ్వాలు పరవడం మరిచిపోలేదు.

కానీ ఇప్పుడతను కుర్చీలోంచి లేవలేదు. రెండున్నర ముంచుకొస్తోంది. తెర మీద గుండ్రంగా ఒక చక్రం తిరుగుతూనే ఉంది. తాత మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు.

"రా నాయనా."

"నేను రాను తాతా." ఓబులేశు గొంతు లేచింది. తాత ముందు అతని గొంతు అట్లా లేవడం అదే మొదలు. "అక్కడ ఆయమ్మ పానం పోతాంటే ఈడ అన్నమేంది?"

తాతకు కోపం రాలేదు. పక్కనున్న ఖాదర్‌వలిని చెయ్యి పట్టుకుని లేపాడు.

"చేతులు కడుక్కో" అన్నాడు ఓబులేశుతో. ఖాదర్‌వలిని నడిపించుకుని వసారాలోకి పోయాడు.

ఓబులేశు ఇంకోసారి ఆ ఆదేశం కొట్టాడు. ఉన్నాను అంది రౌటరు. తరవాత మాట లేదు. పళ్ళు కొరుక్కుంటూ లేచాడు. ఏడుపు వచ్చేట్టుంది, కానీ అది కోపంగానే బయటికి కనపడుతోంది. రెండు ముద్దలు మింగి పరిగెత్తుకొద్దామని చేతులు కడుక్కుని వెళ్ళాడు.

వంక దాటలేక చిక్కుబడినవాళ్ళతో పంక్తి నిండిపోయింది. మొదటి స్తంభం దగ్గర, తన తువ్వాలు మీదే, ఖాదర్‌వలి కూర్చుని ఉన్నాడు. ముందు విస్తరి వేసి ఉంది.

ఓబులేశు నిలబడిపోయాడు. ఇంకెక్కడైనా కూర్చుందామని అటూ ఇటూ చూశాడు.

"నీ చోటు అదే గదా ఓబులేసూ" అన్నాడు తాత. "కూచ్చో."

చేసేది లేక ఓబులేశు కట్టలోంచి ఒక విస్తరాకు తానే లాక్కుని, ఖాదర్‌వలిని ఒరుసుకుంటూ అదే చోట్లో ఇరుక్కున్నాడు. ఇద్దరి మోకాళ్ళూ తగులుతున్నాయి. ఒక విస్తరి అంచు ఇంకో విస్తరి మీదికెక్కింది. ఖాదర్‌వలి సిగ్గుపడి లేవబోతే తాత వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

సుంకమ్మ రాగిసంకటి గంపతో వచ్చి, ఆ రెండు విస్తళ్ళనూ చూసి ఆగింది. తాత వైపు తిరిగింది.

"స్తంభం కాడికి ఒకటే వడ్డన సుంకమ్మా, ఎప్పటి లెక్కనే" అన్నాడు తాత.

ఆమెకు ఏం అర్థమైందో తెలియదు. సంకటి ముద్ద తీసి వేసింది. అది ఖాదర్‌వలి విస్తట్లో పడింది. ఓబులేశు విస్తరి ఖాళీగానే ఉంది. ఆమె పక్కవాడి దగ్గరికి జరిగిపోయింది. మళ్ళీ పప్పు కుండతో వచ్చింది. గరిటెడు పప్పు వేసింది. ఈసారి అది ఓబులేశు విస్తట్లో పడింది. ఉల్లిగడ్డ ముక్క అటు పోయింది, ఊరగాయ ఇటు వచ్చింది. ఒకరికి సంకటి ఉంది, నంజుకోవడానికి పప్పు లేదు. ఇంకొకరికి పప్పు ఉంది, సంకటి లేదు. ఎదురు వరసలో ఎవరో ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఓబులేశు చెవులు ఎర్రబడ్డాయి. ప్రాణం మీదికి వచ్చిన పూట ఇదేం వేళాకోళం? తాత మీద అతనికి నిజంగానే అసహ్యం లాంటిది కలిగింది. దాన్ని మింగుకుని, దూరం పోతున్న సుంకమ్మను పిలిచాడు.

"సుంకమ్మా, ఇటు సంకటి పడలేదు."

సుంకమ్మ వెనక్కి తిరిగి చూడకుండానే అంది. "ఆ చోటికి ఏసినా గదప్పా."

ఓబులేశు ఏదో అనబోయాడు.

తన విస్తరి వైపు చూశాడు. ఖాదర్‌వలి విస్తరి వైపు చూశాడు. పప్పు ఇక్కడ, సంకటి అక్కడ. ఆమె తప్పు లేదు. ఆమె చోటుకు వడ్డించింది. ఆ చోట్లో ఇద్దరున్నారు.

ఉన్నాను, ఉన్నాను, తరవాత ఏమీ లేదు. మళ్ళీ ఉన్నాను. పోయిన ఆ జవాబులు ఎవరికి చేరుతున్నాయో ఓబులేశుకు ఒక్కసారిగా కనపడింది. పొద్దున చదవకుండా మూసేసిన సందేశం కూడా ఇప్పుడు, ఇక్కడ కూర్చుని ఉండగా, అక్షరం అక్షరం గుర్తుకొచ్చింది. ఇదే నంబరును ఇంకో యంత్రం వాడుతోంది అని అది చెప్పింది. కంప్యూటరు నంబరు అడగడం మానేసి చాలా కాలమైంది కాబట్టి రెండు ఖాళీగానే ఉందని రౌటరు లెక్క. నిన్న సాయంత్రం కొత్తగా వచ్చిన కెమెరా పెట్టె మర్యాదగా నంబరు అడిగింది. రౌటరు దానికి రెండు ఇచ్చింది.

ఓబులేశు తల ఎత్తి తాతను చూశాడు. తాత తన సంకటి తాను నెమ్మదిగా తింటున్నాడు.

పంక్తి ముగియకుండా ఎవరూ లేవకూడదు. ఓబులేశు లేచాడు. తన విస్తట్లోని పప్పు, ఊరగాయ మొత్తం ఖాదర్‌వలి విస్తట్లోకి ఒంపాడు. పరిగెత్తాడు.

ఖాదర్‌వలి కూడా లేవబోయాడు. తాత అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు.

"నువ్వు తిను. ఆ పిల్ల నిన్ను చూసేతలికి తిన్న మొగం లెక్క ఉండాల."

గదిలో ఓబులేశు నంబరు పేజీ తెరిచాడు. రెండు అని తాను రాసింది కొట్టేసి, అడిగి తీసుకునే పద్ధతిలో పెట్టాడు. అంతే. ఒక నొక్కు. యంత్రం నంబరు అడిగింది, రౌటరు నాలుగు ఇచ్చింది.

అయినా పేజీ తెరుచుకోలేదు.

గోడ గడియారం రెండూ ఇరవై దాటింది. కాసేపటికి ఓబులేశుకు తెలిసింది, ఇప్పుడు అడ్డం పడుతున్నవి వేరే ఏవీ కావు, పొద్దున్నుంచీ తాను వేసిన ముళ్ళే. ఈసారి తొందరపడలేదు. ఒక్కొక్కటే విప్పాడు. పేర్లు వెతికే చిరునామా తాను మార్చింది తీసేశాడు, చూశాడు. డ్రైవరులో తాను కెలికింది సరిచేశాడు, చూశాడు. ఆపేసిన కాపలాను మళ్ళీ నిలబెట్టాడు, చూశాడు. ఒకటి, దాని ఫలితం. ఇంకొకటి, దాని ఫలితం.

ఉన్నావా అని అడిగాడు. ఉన్నాను అంది రౌటరు. ఉన్నాను. ఉన్నాను. ఉన్నాను. ఆగలేదు.

కాల్ పేజీ తెరుచుకునేసరికి నర్సు అప్పటికే రెండుసార్లు పిలిచి పెట్టేసినట్టు గుర్తులు కనపడ్డాయి. ఖాదర్‌వలి మూతి తుడుచుకుంటూ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. ఓబులేశు లేచి అతన్ని కూర్చోబెట్టాడు. ఇద్దరూ తెర వైపే చూస్తూ ఉండిపోయారు. ఓబులేశుకు దేవుడు గుర్తుకొచ్చాడు. తాత దగ్గర రెండేళ్ళుండి నేర్చుకున్నవాటిలో ఒక్కటీ గుర్తుకు రాలేదు, ఉత్త దేవుడు గుర్తుకొచ్చాడు.

పిలుపు వచ్చింది.

తెర మీద ఆకుపచ్చ బట్టలు, ఒక దిండు, దాని మీద హుసేన్‌బీ ముఖం. బాగా చిక్కిపోయి ఉంది. నర్సు ఫోను దగ్గరికి జరిపింది. ఆమె మొగుణ్ణి చూస్తూ ఉంది. పొద్దున్నుంచీ చెప్పాలనుకున్నవన్నీ ఖాదర్‌వలి మరిచిపోయాడు.

చివరికి ఆమే అడిగింది. "అన్నం తింటివా?"

"తింటి" అన్నాడు ఖాదర్‌వలి. "సంకటి, పప్పు."

హుసేన్‌బీ అతని ముఖాన్ని వెతికి వెతికి చూసింది. అబద్ధం కాదని తెలుసుకున్నట్టుంది. పక్కకు తిరిగి నర్సు వైపు బొటనవేలు చాపింది.

ఓబులేశు గదిలోంచి బయటికి వచ్చేశాడు. వసారా చివర నిలబడి వానలోకి ముఖం పెట్టి ఏడ్చాడు.

చీకటి పడకముందే నర్సు దగ్గర్నుంచి సందేశం వచ్చింది. గడ్డ తీసేశారు, మనిషి కళ్ళు తెరిచింది, దాహం అంటోంది అని. ఖాదర్‌వలి ఆ మాట రెండుసార్లు చదివించుకుని, తాత కాళ్ళ దగ్గర కాసేపు తల పెట్టుకుని, తాత గురువు సమాధికి దండం పెట్టుకోవడానికి వెళ్ళాడు.

తాత స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఓబులేశు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తువ్వాలు ఇంకా అక్కడే ఉంది. దాని మీద ఒక మెతుకు సంకటి ఎండిపోయి ఉంది.

"కంప్యూటరులో ఏమైందో నీకెట్ల తెలిసె తాతా?"

"నాకేం తెలుస్తాది నాయనా. అన్నం ఏళకు ఖాదర్‌వలికి చోటు సూపించినా. అంతే."

ఓబులేశు తువ్వాలు తీసి దులిపాడు. మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రెండేండ్లుగా దీన్ని చూస్తానే ఉంటివి. ఒక్క మాటన్నా చెప్పకపోతివే."

తాత పొర కమ్మిన కన్ను నలుపుకున్నాడు.

"యాడ కూచ్చోవాలని నువ్వు అడగకపోతివే."

రాత్రి భోజనానికి రైలుపట్టా ముక్క మోగింది. అందరూ వసారాలోకి చేరుతున్నారు. ఓబులేశు గుమ్మం దగ్గర తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు. సుంకమ్మ విస్తళ్ళ కట్టతో వచ్చి, అలవాటు కొద్దీ స్తంభం వైపు చూసి, అక్కడ తువ్వాలు లేకపోవడంతో ఇతని వైపు తిరిగింది.

"నా చోటు యాడమ్మా?" అని అడిగాడు ఓబులేశు.

ఆమె పంక్తి కొసన, చూరు నీళ్ళు కారే చోట విస్తరి వేసింది. ఓబులేశు వెళ్ళి కూర్చున్నాడు. ఆ పూట స్తంభం పక్కన ఎవరు కూర్చున్నారో అతను చూడలేదు.